ఏది డెబ్బై, ఏది ముప్పై

పోయిన నెల హోసూరులో పాత లోహం కొనే ఒక యార్డుకు పోయాను. నాకు కావలసిందేదో యజమాని లోపల వెతుకుతుంటే, కాళ్ళ దగ్గర పడి ఉన్న ముక్కల కుప్పలో ఒక తెల్లటి కడ్డీ ముక్క కంటబడింది. బొటనవేలి లావు, జానెడు పొడవు. ఒక కొసకు నీలం రంగు, ఆ నీలం మీద మూడు తెల్ల చుక్కలు. వంగి చేతిలోకి తీసుకున్నాను. రంగు వెలిసింది కానీ చుక్కలు మాత్రం ముగ్గుకు పెట్టుకున్నంత సమంగా ఉన్నాయి.

"ఏదో స్టీలు ముక్క సార్, పారెయ్యండి," అన్నాడు యజమాని బయటికి వస్తూ.

అది స్టీలు కాదు. నీలం మీద మూడు చుక్కలంటే నికెల్ దాదాపు డెబ్బై పాళ్ళు, రాగి ముప్పై. ఆ చుక్కలు పెట్టిన మనిషి దగ్గర నేను ఒక ఏడాది పని నేర్చుకున్నాను. ఆమె చనిపోయి ఏడాది దాటింది.

కడ్డీకి ఒక కొసనే రంగు వెయ్యాలి, కోసేటప్పుడు రంగు లేని కొస నుంచే కొయ్యాలి. ఇది ఆమె పెట్టిన పద్ధతి. అప్పుడు కడ్డీ ఎంత తరిగినా చివర మిగిలే ముక్క మీద రంగు ఉంటుంది, అదేమిటో ఎవరూ ఊహించనక్కర లేదు. మేము పని చేసిన వాల్వుల ఫ్యాక్టరీ చేతులు మారింది, కొత్తవాళ్ళు పాత సరుకంతా తూకానికి అమ్మేశారు. ఆ ముక్క అలా ఆ యార్డుకు చేరి ఉంటుంది. దాన్ని కొనుక్కుని ఇంటికి వచ్చాను. వచ్చినప్పటి నుంచి ఆమె గురించి రాయాలని ఉంది.

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను స్టోరమ్మ అనేవాళ్ళు. నేనూ అలాగే అన్నాను. వేప్పనపల్లి పక్క ఒక పల్లె ఆమెది. ఇంట్లో గొర్రెలు, నాలుగు మామిడి చెట్లు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివింది. సరుకు కట్టలు కట్టే పనికి వచ్చి, ఎలాగో స్టోరుకు మారి, ఎలాగో వచ్చే లోహాన్ని పరీక్ష చేసే కుర్చీకి చేరుకుంది. ఆ 'ఎలాగో'లు నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. వారమంతా హోసూరులో ఒక గదిలో ఉండేది, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయేది.

కుర్చీ అన్నాను గానీ ఆమె కూర్చోగా చూసిన గుర్తు లేదు. చీర మీద నీలం కోటు. కోటు కుడి జేబులో దారం కట్టిన అయస్కాంతం, ఎడమ జేబులో అరచేతి పొడవు ఆకురాయి. ఏదైనా ఆలోచించేటప్పుడు ఆ దారాన్ని చూపుడు వేలికి చుట్టి విప్పి చుట్టేది. సరుకుతో వచ్చే స్టిక్కర్లంటే ఆమెకు గిట్టదు. "స్టిక్కరు అతికించినోడు ఇంటికి పోయినాడు. ఇప్పుడు దానికి జవాబు చెప్పేవాడు యాడుండాడు?" అనేది. స్టిక్కరు చూసేది, పక్కన పెట్టేది, తన పరీక్ష తను చేసుకునేది.

ఆమె నోట రోజుకు పదిసార్లు వినబడే మాట ఒకటుండేది. "ఏది డెబ్బై?"

మా ఫ్యాక్టరీలో 'సెవెంటీ-థర్టీ' అనే పేరుతో మూడు లోహాలు తిరిగేవి. మొదటిది ఇత్తడి, అందులో రాగి డెబ్బై పాళ్ళు, జింకు ముప్పై. రెండోది కాపర్-నికెల్, రాగి డెబ్బై, నికెల్ ముప్పై. మూడోది నికెల్-కాపర్, దాంట్లో నికెల్‌ది పైచేయి, రాగి ముప్పై. ఇత్తడి పసుపు కాబట్టి దాంతో చిక్కు లేదు. మిగిలిన రెండూ తెల్లగానే ఉంటాయి, దాదాపు ఒకే బరువు తూగుతాయి, పేరులో అవే రెండు మాటలు ముందువెనుకలుగా ఉంటాయి. లేత్ మీది మనుషులు కిటికీ దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు.

"అమ్మా, సెవెంటీ-థర్టీ కడ్డీ ఒకటియ్యమ్మా."

"ఏది డెబ్బై?"

"అదేమ్మా, తెల్లగా ఉంటాది చూడు."

"తెల్లగా ఉండేవి నాకాడ ఆరు రకాలుండాయి. పోయి డ్రాయింగు తీసుకోని రాప్పా."

ఆమె విసుక్కునేది కాదు, నవ్వేది కాదు. డ్రాయింగు వచ్చేదాకా కడ్డీ మాత్రం కదిలేది కాదు.

మధ్యాహ్నం రాగిసంగటి తినేవేళ ఆమెకు ఇంకో ఉద్యోగం ఉండేది. ఫ్యాక్టరీలో పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు, కొత్తగా వస్తువులు కొన్నవాళ్ళు, కుంకుమభరిణెలు, గిన్నెలు, మెట్టెలు పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టేవాళ్ళు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి వస్తువును తిరగేసి, ఎవరికీ కనబడని చోట ఆకురాయితో ఒక్క గీత గీసి, వెలుతురులో చూసేది. ఒకసారి ప్యాకింగ్ సెక్షన్ అమ్మాయి ఒక పళ్ళెం తెచ్చింది. కృష్ణగిరిలో కొన్నదట, జర్మన్ సిల్వర్ అని చెప్పారట.

"సిల్వరే గదమ్మా?" అంది ఆ అమ్మాయి.

"పేరులో ఉండాదమ్మా, పళ్ళెంలో లేదు. ఇది రాగి, నికెల్, జింకు. గట్టిది, మంచిది, కూర పెట్టుకోని తినకపోతే చాలు. పండ్లు పెట్టు, తాంబూలం పెట్టు. వెండి అని మాత్రం ఎవురికీ ఇయ్యొద్దు."

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. స్టోరమ్మ పళ్ళేన్ని తన కొంగుతో తుడిచి, "నా పెండ్లికీ ఇట్లాంటిదే పెట్టినారు. ఇంకా ఉండాది," అంది.

నేను కృష్ణగిరివాణ్ణి. బర్గూరులో ఇంజనీరింగు చదివి, ఆ ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ విభాగంలో చేరాను. చేరిన మొదటి వారం స్టోరుకు వెళ్తే, ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది.

"సార్, కాపర్-నికెల్, నికెల్-కాపర్ రెండూ ఒకటేనా?"

కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన ధీమాతో, "రెంటిలోనూ ఉండేవి అవే కదమ్మా. పాళ్ళు మారతాయి, అంతే," అన్నాను.

"అంతే అంటే ఎట్ల సార్. మజ్జిగలో రవ్వంత నీళ్ళు పోస్తే అది మజ్జిగే. నీళ్ళల్లో రవ్వంత మజ్జిగ పోస్తే అది నీళ్ళే గదా."

నవ్వి వచ్చేశాను. ఆమె నన్ను పరీక్షించిందనీ నేను తప్పాననీ అప్పుడు తెలియలేదు.

ఆరు నెలలకు తెలిసింది. ఆమ్లంతో పని చేసే ఒక రసాయన కర్మాగారానికి మేము వాల్వులు చెయ్యాలి. వాల్వు తిప్పే చక్రం కింద ఒక కాడ ఉంటుంది. చక్రం తిప్పినప్పుడల్లా మెలిబలం అంతా దాని మీదే పడుతుంది. ఆ కాడలు నికెల్-కాపర్‌తో చెయ్యాలని డ్రాయింగులో ఉంది. నేను పాత ఆర్డరు ఒకటి తీసి, సైజు మార్చి, సంఖ్య మార్చి పంపించాను. ఆ పాత ఆర్డరు ఓడ సామాను కోసం వేసింది. అందులో ఉన్నది కాపర్-నికెల్. సైజు, సంఖ్య రెండుసార్లు సరిచూశాను. పేరు మాత్రం చూడలేదు. చూసినా నా కన్ను దాన్ని దాటిపోయేదేమో.

ఏప్రిల్‌లో కడ్డీలు వచ్చాయి. పొద్దున లారీ నుంచి పెరట్లో దిగాయి, మధ్యాహ్నానికి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేలా ఉన్నాయి. ఆర్డరులో ఏముందో సర్టిఫికెట్‌లోనూ అదే ఉంది. అక్కడితో ఆమె పని అయిపోయినట్టే. డ్రాయింగు చూడటం ఆమె పని కాదు. కానీ ఆమె ప్రతిసారీ డ్రాయింగు తెప్పించుకునేది. ఆ రోజు కూడా తెప్పించుకుంది. మూడు గంటలకు కడ్డీల కట్టకు ఎర్రగుడ్డ కట్టింది. ఎర్రగుడ్డ కడితే ఆ సరుకును ఎవరూ ముట్టుకోకూడదు.

మరునాడు ఉదయం లేత్‌ల మీదికి ఎక్కాల్సిన సరుకు అది. మేనేజరు కిందికి వచ్చాడు. నన్ను కూడా పిలిచారు.

"ఎందుకమ్మా ఆపినావు? సర్టిఫికెట్ సరిగ్గానే ఉంది కదా."

"సర్టిఫికెట్ ఆర్డరుకు సరిగ్గా ఉండాది సార్. డ్రాయింగుకు సరిగ్గా లేదు. డ్రాయింగులో నికెల్ ముందుండాది. వచ్చిన దాంట్లో కాపర్ ముందుండాది."

"రాసేవాళ్ళు అటూ ఇటూ రాసి ఉంటారు. రెండూ సెవెంటీ-థర్టీయే."

"అందుకే అయస్కాంతం పెట్టి చూసినాను సార్. నికెల్-కాపర్ అయితే రవ్వంత పట్టాల. ఇది పట్టలేదు."

మేనేజరుకు పని తెలుసు. ఆయన ఇరవై ఏళ్ళు లోహంతోనే బతికిన మనిషి. "నికెల్-కాపర్ వేడెక్కితే అయస్కాంతానికి పట్టదని అందరికీ చెప్పేది నువ్వే కదమ్మా. పొద్దున్నించి ఎండలో పడున్నాయి. ఎట్లా పడుతుంది?"

ఆయన చెప్పింది నిజం. ఆ లోహం తీరు అలాంటిది. మా హోసూరు చలిలో, పొద్దునపూట, అయస్కాంతం దానికి మెత్తగా అంటుకుంటుంది. ఎండ ముదిరితే అదే కడ్డీ అదే అయస్కాంతాన్ని ఎరగనట్టు ఉండిపోతుంది. నేను లోపల ఊపిరి పీల్చుకున్నాను. మేనేజరు మాటే గెలిస్తే నా ఆర్డరు బయటపడదు.

"అవును సార్, వేడికి పట్టదు," అందామె. "అందుకే చల్లబరిచి చూస్తామంటా ఉండాను. అర్ధగంట ఇయ్యండి."

గేటు ఎదురుగా జ్యూసు అంగడి ఉంది. తనే పోయి ఒక బకెట్ నిండా ఐసు తెచ్చింది. వచ్చిన కడ్డీ నుంచి ఒక ముక్క కోయించింది. తన అలమారులోంచి, నీలం మీద మూడు చుక్కలున్న పాత ముక్క ఒకటి తీసింది. ఆ పాత ముక్కను ముందు పెరట్లో ఎండలో పెట్టి, అది కూడా బాగా వేడెక్కాక మేనేజరు చేతికి అయస్కాంతం ఇచ్చింది.

"పెట్టి చూడండి సార్."

పట్టలేదు. వేడిలో పాతదీ పట్టలేదు, కొత్తదీ పట్టలేదు. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. తర్వాత రెంటినీ ఐసులో పూడ్చింది. మేము నిలబడి చూస్తున్నాం. లేత్‌ల దగ్గరి మనుషులు కూడా వచ్చి చుట్టూ చేరారు. ఆమె దారాన్ని వేలికి చుట్టుకుంటూ గోడ గడియారం వైపు చూస్తోంది. తర్వాత ముక్కలను తీసి గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది. అయస్కాంతాన్ని దారంతో పాత ముక్క పక్కకు వేలాడదీసింది. అది మెల్లగా పక్కకు జరిగి ముక్కను తాకింది. కొత్త ముక్క పక్కకు వేలాడదీసింది. దారం తిన్నగా నిలిచింది.

మేనేజరు తనే అయస్కాంతం తీసుకుని మళ్ళీ రెండు వైపులా చూశాడు.

"దీంతో కాడ చేసుంటే ఏమయ్యేది?" అన్నాడు మెల్లగా.

"ఇది మెత్తన సార్. చక్రం బిగుసుకున్నప్పుడు గట్టిగా తిప్పితే కాడ మెలిపడతాది. ఆ తిప్పేవాడు వాల్వుకు మూరెడు దూరంలో నిలబడుంటాడు. లోపల ఆమ్లం."

ఆ 'తిప్పేవాడు' అన్న మాట వినేదాకా అది నాకు ఒక ఆర్డరు మాత్రమే. అందులో ఒక మనిషి ఉన్నాడని తోచలేదు.

మేనేజరు గట్టిగా ఊపిరి వదిలి, "సరే. సరుకు వెనక్కి పంపించు. తప్పు లోహం ఇచ్చినాడని రాసెయ్, కడ్డీలు అమ్మిన ఆ అంగడివాడి పేరు మన లిస్టులోంచి తీసేద్దాం," అని పైకి వెళ్ళిపోయాడు.

ఆ లోహాల అంగడి హోసూరులోనే ఉంది. తండ్రి పోయాక కొడుకు నడుపుతున్నాడు. పెద్ద కంపెనీ ఒకటి తప్పు సరుకు ఇచ్చినాడని రాస్తే, ఈ ఊళ్ళో మిగిలిన కంపెనీలకు ఆ మాట చేరటానికి వారం పట్టదు. నాకు అదంతా తెలుసు. తెలిసే నోరు మూసుకుని ఉన్నాను.

అందరూ వెళ్ళాక ఆమె తిరస్కరణ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. అన్ని గడులూ నిండి ఉన్నాయి. 'కారణం' అన్నచోట మాత్రం ఖాళీ.

"ఆయప్ప మనమడిగిందే ఇచ్చినాడు సార్," అంది. గొంతులో నిష్ఠూరం లేదు. "ఈడ ఏమి రాయాల్నో మీకు తెలుసు. మీ చేత్తో రాస్తే ఇది రెండు వరుసలు. నా చేత్తో రాస్తే ఫిర్యాదు."

పెన్ను కూడా ఇచ్చింది. నేను చాలాసేపు కాగితం వైపు చూశాను. ఆమె పక్కకు పోయి అలమారులో ముక్కలు సర్దుకుంటోంది, నేను రాస్తానా లేదా అని తిరిగి కూడా చూడలేదు. నా ఉద్యోగం, ఇంట్లో చెప్పాల్సిన మాట, మేనేజరు ముఖం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. చివరికి రాశాను. 'పాత ఆర్డరు చూసి వేసిన కొత్త ఆర్డరులో లోహం పేరు మార్చలేదు. సరఫరాదారు తప్పు లేదు.' కింద సంతకం పెట్టాను.

ఆమె వచ్చి చదివింది. "తేదీ వెయ్యలేదు సార్," అంది. అంతే.

మేనేజరు నన్ను అరగంట తిట్టాడు. సరైన కడ్డీలు రావటానికి పన్నెండు రోజులు పట్టింది. వాల్వులు ఆలస్యంగానే పోయాయి, కానీ పోయాయి. ఆ అంగడి అతను పొరపాటున వచ్చిన కడ్డీలను తిరిగి తీసుకుని, ఓడ సామాను చేసే ఇంకెవరికో ఇచ్చుకున్నాడు. నన్ను కొనుగోళ్ళ నుంచి తీసేసి స్టోరులో వేశారు. అది శిక్షే. నాతో చేరినవాళ్ళు ఏసీ గదుల్లో ఉంటే నేను రేకుల కింద.

స్టోరులో మొదటి రోజు, ఆమె చిలక్కొయ్యకు వేలాడుతున్న కోటు ఒకటి తీసి నా చేతికి ఇచ్చింది.

"వేసుకోప్పా. చొక్కా పాడవుతాది."

అప్పటిదాకా నేను ఆమెకు సార్‌ని. ఆ రోజు నుంచి 'అప్పా' అయ్యాను. ఆ మార్పు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ ఏడాది నేను నేర్చుకున్నది నాలుగేళ్ళ చదువులో రాలేదు. ఎవరైనా వచ్చి 'ఏ లోహం మంచిది?' అంటే ఆమె జవాబు చెప్పేది కాదు. దేంట్లో వాడతారు, ఎంత వేడిలో, దాన్ని ఎవరు ముట్టుకుంటారు, అని అడిగేది. ఒక ఇంజనీరు సముద్రపు నీటి పైపులకు నికెల్ ముప్పై పాళ్ళున్నది పెట్టాలని పట్టుబట్టాడు. ఎక్కువ నికెల్ అంటే ఎక్కువ మంచిది కదా అని ఆయన వాదన.

"మామూలు పైపుకు తొంభై-పది చాలు సార్, రాగి తొంభై, నికెల్ పది," అంది ఆమె. "ఏంటికి అంత నికెల్? నీళ్ళు బిరబిరా పోయే చోట, ఇసుక కొట్టే చోట ముప్పైది పెట్టండి. ఈడ రాగి ఎక్కువుంటేనే గవ్వలు, నాచు దగ్గరికి రావు."

ఆమె ఎప్పుడూ గెలిచిందని అనుకోవద్దు. ఒకసారి తొంభై-పది గొట్టాల లోడు వచ్చింది. ఆ లోహానికి కొంచెం గులాబి ఛాయ ఉంటుంది. ఆ గొట్టాలకు అది తక్కువగా అనిపించి ఎర్రగుడ్డ కట్టేసింది. డ్రైవరు ఒక రోజంతా గేటు దగ్గరే ఉన్నాడు. ప్రయోగశాల నుంచి రిపోర్టు వస్తే సరుకు నిక్షేపంగా ఉంది. పైన నూనె పొర వల్ల రంగు మారి కనబడింది. ఆమె నేరుగా గేటు దగ్గరికి పోయింది. నేనూ వెనకే పోయాను.

"నేను తప్పు చూసినానప్పా. నీకొక దినం పోయింది. నా మీద కోపం పెట్టుకోవద్దు," అని డ్రైవరుతో చెప్పి, తన సంగటి డబ్బా అతని చేతికిచ్చింది. అతను తమిళంలో పరవాలేదమ్మా అని ఏదో అన్నాడు. తిరిగొచ్చి తన తెలుగు నోటుపుస్తకంలో రాసుకుంది: 'నూనె తుడవకుండా రంగు చూడరాదు. నా తప్పు.' ఆ తర్వాత ఆమె గుడ్డతో తుడవకుండా ఏ గొట్టాన్నీ చూడలేదు.

ఆమె రిటైరై ఊరికి పోయింది. నేను కొన్నాళ్ళకు ఆ ఫ్యాక్టరీ మాని, హోసూరులోనే చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాను. మూడు లేత్‌లు, ఐదుగురు మనుషులు. రెండేళ్ళ కిందట ఒక సంగతి జరిగింది.

చేపల పడవల ఇంజిన్లను సముద్రపు నీటితోనే చల్లబరుస్తారు. ఆ నీళ్ళు పోయే కూలర్‌కు మూతలు చేసే పని నాకు వచ్చింది. డ్రాయింగులో ఉన్నది తొంభై-పది కాపర్-నికెల్. పని ఇచ్చినతను ఫోన్ చేసి, తన దగ్గర నికెల్-కాపర్ మిగిలి ఉందనీ, దాంతోనే చెయ్యమనీ అన్నాడు.

"అది ఇంకా గట్టిది, ఇంకా ఖరీదైనది. మంచిదే ఇస్తున్నాం కదా, ఎవరు వద్దంటారు? ఇది సరిపోతుందని మీరు ఒక కాగితం రాసివ్వండి," అన్నాడు.

వినటానికి బాగానే ఉంది. కానీ ఎక్కడో గుచ్చుకుంటోంది. పుస్తకాలు తిరగేశాను. కొన్నిచోట్ల సముద్రానికి నికెల్-కాపర్ భేషుగ్గా ఉంటుందని ఉంది, కొన్నిచోట్ల వద్దని ఉంది. మరుసటి ఆదివారం కారు తీసి, కుందారపల్లి దగ్గర హైవే దిగి, వేప్పనపల్లి దారి పట్టాను.

ఆమె మామిడి చెట్ల కింద గొర్రెలను మేపుతోంది. కోటు లేదు గానీ నిలబడే తీరు అదే. కొంగుతో ఒక బండ తుడిచి నన్ను కూర్చోబెట్టి, తను మాత్రం నిలబడే ఉంది. ఇంట్లోవాళ్ళందరి గురించీ అడిగింది. మజ్జిగ తెప్పించింది. తర్వాత నేను విషయమంతా చెప్పాను. రెండు లోహాల ముక్కలు కూడా పట్టుకుపోయాను. ఆమె వాటిని చూడలేదు.

"నీళ్ళు పారతా ఉంటాయా, నిలబడతాయా?" అంది.

అంత దూరం పోయాను గానీ అది కనుక్కోలేదు.

"తెలీదమ్మా."

"అది తెలీకుండా నన్నేమడుగుతావప్పా?"

"కనుక్కుంటాను. అయినా మీరొక మాట చెప్పండి. సరే అంటే చేస్తాను, వద్దంటే మానేస్తాను."

ఆమె గొర్రెల వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. "నీకు నా జవాబు అక్కర్లేదు. నేను ఊ అంటే నీకు ధైర్యంగా ఉంటాదని వచ్చినావు. నేను చెప్పను. పోయి కనుక్కో, నువ్వే ఆలోచించు. నీకు చేతనవుతాది."

కొంచెం నొప్పి అనిపించింది. యాభై కిలోమీటర్లు వచ్చినవాడికి ఇదా జవాబు అనుకున్నాను. తిరుగుదారిలో ఆ నొప్పి మెల్లగా పోయింది. ఆమె మాటలో చివరి ముక్క ఒకటే మిగిలింది.

పని ఇచ్చినతన్ని అడిగితే, నీళ్ళు పారతాయో నిలుస్తాయో అతనికీ తెలియదు. రేవులో పడవల ఇంజిన్లు బాగుచేసే మెకానిక్ ఒకతని నంబరు సంపాదించి తమిళంలో మాట్లాడాను. అతను విషయం మొత్తం ఒక్క నిమిషంలో చెప్పాడు. వేట ఉన్నన్నాళ్ళూ నీళ్ళు పారుతూనే ఉంటాయి. ఏటా వేట నిషేధం పెట్టే కాలంలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. కూలర్లోని ఉప్పునీళ్ళు ఎవరూ తీయరు, అట్లాగే నిలిచిపోతాయి.

నాకు కావలసింది దొరికింది. పారే నీటిలో నికెల్-కాపర్‌కు తిరుగు లేదు. నిలిచిన ఉప్పునీటిలో మాత్రం దానికి సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. పైకి నున్నగా కనబడుతూ లోపలి నుంచి చిల్లి పడుతుంది. పుస్తకాలు రెండు రకాలుగా ఎందుకు చెప్పాయో కూడా అర్థమైంది. అవి రెండూ నిజమే. ఒకటి పారే నీళ్ళ గురించి రాసింది, ఒకటి నిలిచే నీళ్ళ గురించి.

పని ఇచ్చినతనికి ఉత్తరం రాశాను. మీ లోహం మంచిదే, ఈ పనికి పనికిరాదు, దీంతో చేసిన మూతలకు నేను కాగితం ఇవ్వను, అని కారణాలతో సహా రాశాను. అతను ఫోన్ చేసి అరిచాడు. పని వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు. ఇచ్చుకోండి అన్నాను. వారం పాటు అతని దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒకరోజు లారీలో తొంభై-పది కడ్డీలు వచ్చాయి, గులాబి ఛాయతో. నూనె తుడిచి చూశాను.

ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. ఆమెతో మాట్లాడటం అదే చివరిసారి అవుతుందని నాకు తెలియదు. మెకానిక్ చెప్పింది, నేను రాసింది, అతను అరిచింది, అన్నీ వరసగా చెప్పాను. ఆమె మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు.

"నిలబడతాయని నాకు తెలుసప్పా," అంది చివరికి. "ఏటా పడవలు ఆపేస్తారని టీవీలో చూపిస్తారు గదా."

"మరి ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా. వారం రోజులు నలిగిపోయాను."

"చెప్పుంటే నా మాట మీద ఆపుంటావు. ఆయప్ప అరిచినప్పుడు నా పేరు చెప్పుంటావు. ఇప్పుడు నీ మాట మీద ఆపినావు."

అవతల గాలి చప్పుడు వినిపిస్తోంది.

"వానొచ్చేట్టుండాది, గొర్రెలు తోలుకోవాల," అని ఫోన్ పెట్టేసింది.